రబ్బరు కలిపిన తారు రోడ్డు ఎండకి గాడి పడుతుందో లేదో ల్యాబ్‌లోనే తేల్చుకోవడం ఎలా

ఏప్రిల్ నెలాఖరులో మధ్యాహ్నం రెండింటప్పుడు ఏదైనా వే బ్రిడ్జి ముందో, టోల్ గేటు దగ్గరో, గ్రానైట్ లారీలు వరసగా ఆగే సిగ్నల్ దగ్గరో ఒక్క ఐదు నిమిషాలు నిలబడి రోడ్డు వైపు చూడండి. చక్రాలు నడిచే రెండు దారుల్లో తారు నున్నగా మెరుస్తూ లోపలికి దిగిపోయి ఉంటుంది, పక్కన చిన్న గట్టులా పైకి లేచి ఉంటుంది. దీన్నే మనం గాడి పడటం అంటాం, సైట్లో రట్టింగ్ అంటారు, పుస్తకాల్లో శాశ్వత వికృతి అని రాస్తారు. చక్రం వెళ్లిపోయాక తారు పూర్తిగా తన చోటికి తిరిగి రాదు, ప్రతిసారీ వెంట్రుకవాసి కుంగు మిగిలిపోతుంది, ఆ వెంట్రుకవాసిలే లక్షల సార్లు కలిసి అంగుళం లోతవుతాయి. వాన పడితే అందులో నీళ్లు నిలుస్తాయి. బైకు మీద వెళ్లే మనిషి పక్కకి తిప్పుదామంటే ముందు చక్రం ఆ గట్టు ఎక్కదు, జారుతుంది. అందుకే ఈ పరీక్షలు తూతూమంత్రంగా చేయకూడదని నేను ఇంత గట్టిగా చెప్పేది.

పాత టైర్ల పొడి కలిపిన తారు, అదే మన సీఆర్‌ఎంబీ, ఈ గాడిని బాగా తగ్గిస్తుంది. కానీ రబ్బరు కలిపినంత మాత్రాన తగ్గదు. దానికి సరిపడా వేడి, సమయం, కంకర మధ్య చోటు, ఈ మూడూ ఇస్తేనే తగ్గుతుంది. వీటిలో ఒకటి తప్పినా మామూలు వీజీ 30 తారు (ఏమీ కలపని, చిక్కదనాన్ని బట్టి గ్రేడు పెట్టిన తారు) కన్నా అధ్వాన్నంగా గాడి పడే మిక్స్, అంటే తారు, కంకర కలిపిన మిశ్రమం, కూడా తయారవుతుంది. క్యూసీ ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, ఎంటెక్ ప్రాజెక్టుకి ఇదే అంశం తీసుకున్నవాళ్లు ఏ వరసలో పని చేసుకుంటూ వెళ్లాలో, ఎక్కడెక్కడ మోసపోతారో చెబుతాను.

ముందు గాడి ఎక్కడ పుట్టిందో చూడండి

పాత రోడ్డు మీద గాడి ఉంది, పైన రబ్బరు మిక్స్ వేస్తే పోతుందా అని అడుగుతారు. ముందు ఆ గాడి ఏ పొరలో ఉందో తెలియాలి. మూడు మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ రోడ్డుకి అడ్డంగా పెట్టి లోతు కొలవండి, పక్కన గట్టు లేచిందో లేదో చూడండి. గాడి ఇరుకుగా ఉండి పక్కన గట్టు లేచి ఉంటే పై తారు పొరే వేడికి మెత్తబడి పక్కకి తోసుకుపోయిందని అర్థం. గట్టు లేకుండా వెడల్పుగా, పళ్లెంలాగా దిగి ఉంటే కింద మట్టో, గ్రాన్యులర్ పొరో (తారు లేని కంకర పొర) కుంగిందని అనుమానించాలి. అనుమానం తీరాలంటే అడ్డంగా ఒక కందకం కోసి పొరల గీతలు చూడటమే, లేదా గాడిలో ఒకటి, గట్టు మీద ఒకటి, రెంటి మధ్య ఒకటి కోర్లు (రోడ్డుని తొలిచి తీసే గుండ్రటి నమూనాలు) తీసి మందాలు పోల్చుకోవడమే. మట్టి కుంగిన చోట పైన ఎంత ఖరీదైన రబ్బరు తారు పోసినా డబ్బు మట్టిలో పోసినట్టే.

గాడి పై పొరలోనే ఉందనుకోండి. దానికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. ఒకటి, రోలింగ్ సరిగా జరగక మిగిలిన ఖాళీల్ని లారీలు తొక్కి తొక్కి పూడ్చడం. రెండోది, మిక్స్ పక్కకి జారిపోవడం. మొదటిది కొంత దూరం పోయి ఆగుతుంది. రెండోది ఆగదు. మన పరీక్షలన్నీ ఈ రెండోదాన్ని పట్టుకోవడానికే.

ఇంకో మాట, 2018లో మన దేశంలో లారీల ఇరుసు బరువు పరిమితి పెంచారు, నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసుకి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి. అంతకు ముందు చేసిన డిజైన్ రిపోర్టుని చూసి కాపీ కొట్టే అలవాటుంటే మానుకోండి.

రబ్బరు పొడిని అరచేతిలో వేసుకుని చూడండి

బస్తా విప్పి గుప్పెడు పొడి తీసి తెల్ల కాగితం మీద పరచండి. దూదిలాంటి నూలు పోగులు కనబడుతున్నాయా? అయస్కాంతం తిప్పితే సన్నటి ఇనుప తీగ ముక్కలు అంటుకుంటున్నాయా? తడి తగులుతోందా? తడి పొడి వేడి తారులో పడితే నురగ పొంగి బాయిలర్ మీదకి వస్తుంది, పక్కనున్న మనిషికి ప్రమాదం, అందుకని ముందు ఆరబెట్టండి. వాడే పొడి 30 మెష్ కన్నా సన్నగా, అంటే 600 మైక్రాన్ల జల్లెడలోంచి దిగేలా ఉంటే మంచిది. మామూలు గది ఉష్ణోగ్రతలో గ్రైండింగ్ చేసిన పొడి గరుకుగా, స్పాంజి ముక్కల్లా ఉంటుంది, చలిలో గడ్డకట్టించి పగలగొట్టింది నున్నగా, అంచులు కోసినట్టు ఉంటుంది. గరుకుదే తారుని త్వరగా పీల్చుకుంటుంది. లారీ టైర్ల పొడిలో సహజ రబ్బరు వాటా ఎక్కువ, కారు టైర్లలో తక్కువ, అందువల్ల సరఫరాదారు మారితే పాత ఫలితాలు పనికిరావు, మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

తారులో రబ్బరుని ఉడికించడం

ఈ పద్ధతిని తడి పద్ధతి అంటారు. 1960లలో అమెరికాలో, ఎండకి పేరుమోసిన అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో చార్లెస్ మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీరు మొదలుపెట్టాడు. రబ్బరుని కంకరలో కలపకుండా ముందు తారులో ఉడికించడం ఆయన చేసిన పని. తారులోని తేలికపాటి నూనెల్ని రబ్బరు గింజ పీల్చుకుని, రాత్రంతా నానేసిన శనగల్లాగా ఉబ్బుతుంది, మూడు నుంచి ఐదు రెట్ల ఘనపరిమాణం దాకా. నూనెలు పోయిన మిగతా తారు చిక్కబడుతుంది, మధ్యలో సాగి మళ్లీ వెనక్కి వచ్చే గింజలు ఉంటాయి. గాడిని ఆపేది ఈ రెండూ కలిసి.

ల్యాబ్‌లో ఇలా చేయండి. కిలో వీజీ తారుని 175 నుంచి 180 డిగ్రీల దాకా వేడి చేసి, స్టిర్రర్ ఆన్ చేసి, రబ్బరు పొడిని కొంచెం కొంచెంగా ఐదు నిమిషాల్లో పోయండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఉప్మా రవ్వ పోసినట్టే. ఎంత పోయాలన్నది ముందే రాసుకోండి, ఎందుకంటే ఇక్కడ చాలామంది తడబడతారు. తారు బరువులో 15 శాతం అంటే కిలో తారుకి 150 గ్రాములు. మొత్తం మిశ్రమంలో 15 శాతం అంటే 850 గ్రాముల తారుకి 150 గ్రాములు. మొదటి లెక్కని రెండో లెక్కలోకి మారిస్తే 13 శాతమే అవుతుంది. రిపోర్టులో ఏ లెక్కో రాయకపోతే మీ ఫలితాన్ని ఇంకొకరి ఫలితంతో పోల్చడానికే లేదు. మన దగ్గర రిఫైనరీల నుంచో, బ్లెండింగ్ ప్లాంట్ల నుంచో వచ్చే సీఆర్‌ఎంబీలో రబ్బరు వాటా అమెరికా తడి పద్ధతి కన్నా తక్కువగా ఉంటుంది, అక్కడ 15 నుంచి 20 శాతం దాకా వేస్తారు.

పోయడం అయ్యాక 45 నిమిషాల నుంచి గంట ఉడకాలి. 15, 30, 45, 60 నిమిషాలకి రొటేషనల్ విస్కోమీటర్‌లో చిక్కదనం చూసి గ్రాఫు గీయండి. మొదట వేగంగా పెరిగి, తర్వాత చదునుగా సాగుతుంది. ఆ చదును మొదలైన చోటే వంట అయినట్టు. ఇంకా గంటలు గంటలు ఎక్కువ వేడి మీద ఉంచితే రబ్బరు గొలుసులు తెగి, పీల్చుకున్న నూనెని మళ్లీ వదిలేసి, గ్రాఫు కిందకి దిగుతుంది, అప్పుడు అది పేరుకి మాత్రమే రబ్బరు తారు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ 6114 ప్రకారం 175 డిగ్రీల దగ్గర చిక్కదనం 1500 నుంచి 5000 సెంటీపాయిజ్ మధ్య ఉండాలి. అక్కడి పాళ్లలో రబ్బరు వేస్తేనే ఈ అంకె వర్తిస్తుంది, మన సీఆర్‌ఎంబీకి దీన్ని పట్టుకుని ఫెయిల్ చేయకండి.

డ్రమ్ములోనో ట్యాంకరులోనో వచ్చిన తారైతే విడిపోవడం పరీక్ష తప్పనిసరి. నిలువు గొట్టంలో పోసి, ఓవెన్‌లో వేడి మీద నిలబెట్టి, తర్వాత గడ్డకట్టించి, పై మూడో వంతు, కింది మూడో వంతు వేరు చేసి రెంటి సాఫ్టెనింగ్ పాయింటూ, అంటే తారు మెత్తబడే ఉష్ణోగ్రత, చూడాలి. తేడా 4 డిగ్రీలు దాటకూడదు. నేను పనిచేసిన ఒక సైట్లో ట్యాంకు కదపకుండా రెండు రోజులు ఉంచేశారు, అజిటేటర్ (తారుని కలుపుతూ ఉండే యంత్రం) పాడైందన్నారు, పైనుంచి తీసిన నమూనాకీ కింద వాల్వు దగ్గర తీసినదానికీ 9 డిగ్రీల తేడా వచ్చింది. అడుగున రబ్బరంతా బురదలా కూర్చుంది. పై తారుతో వేసిన భాగానికి సీఆర్‌ఎంబీ అని బిల్లు పడింది, రోడ్డు మీద పడింది మాత్రం మామూలు తారు.

కంకరలో రబ్బరుకి చోటు ఉంచండి

రబ్బరు గింజలు కంకర రాళ్ల మధ్య ఖాళీల్లో ఇమడాలి. గ్రేడింగ్, అంటే ఏ సైజు రాయి ఎంత అన్న లెక్క, మరీ దట్టంగా, ప్రతి సైజూ నిండుగా ఉంటే గింజకి చోటుండదు, అది రాయికీ రాయికీ మధ్య మెత్తటి ముక్కలా దూరి రాళ్లని విడదీస్తుంది. రాయి రాయిని ఆనుకుని నిలబడితేనే గాడి ఆగుతుంది, ఆ ఆనిక పోయాక తారు ఎంత మంచిదైనా నిలబెట్టలేదు. రబ్బరు వేసినా గాడి ఎక్కువ పడిందని చెప్పే ఫలితాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుందని నా నమ్మకం.

అందుకే మధ్య సైజులు తగ్గించిన గ్యాప్ గ్రేడింగ్ ఎంచుకోండి. దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2015లో ఐఆర్‌సీ ఎస్పీ 107 అని ప్రత్యేకంగా ఒక మార్గదర్శకమే వేసింది, రబ్బరు తారుతో గ్యాప్ గ్రేడెడ్ పై పొర ఎలా వేయాలో అందులో ఉంది. మామూలు బీసీ (బిటుమినస్ కాంక్రీట్) గ్రేడింగ్‌తోనే చేయాల్సి వస్తే రబ్బరు సన్నగా, దాని వాటా తక్కువగా ఉంచండి, వీఎంఏ, అంటే కంకర మధ్య మొత్తం ఖాళీ, కనీస అంకెకి అంచున కాకుండా కాస్త పైన ఉండేలా చూసుకోండి. 13.2 ఎంఎం నామినల్ సైజుకి 4 శాతం గాలి ఖాళీల దగ్గర కనీసం 14 శాతం అడుగుతారు, నేనైతే 15 దగ్గర మొదలుపెడతాను.

నది ఇసుక వాడకండి, గుండ్రటి గింజలు ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి. క్రషర్ డస్టే వాడండి. హైదరాబాద్ చుట్టుపక్కల, తెలంగాణలో చాలాచోట్ల దొరికేది గ్రానైట్ కంకర, గట్టిదే కానీ సిలికా ఎక్కువ కాబట్టి నీళ్లు తగిలితే తారుని వదిలేసే గుణం ఉంది. ఫిల్లర్‌గా 2 శాతం హైడ్రేటెడ్ సున్నం కలిపితే ఈ బాధ తగ్గుతుంది. కంకర బద్దల్లా, పుల్లల్లా ఉంటే, అంటే ఫ్లేకీనెస్, ఎలాంగేషన్ కలిపి 35 శాతం దాటితే, ఆ కంకరని వెనక్కి పంపండి, ల్యాబ్‌లో టైమ్ వృథా చేసుకోకండి.

మార్షల్ పరీక్ష చేయండి, కానీ దాన్నే నమ్ముకోకండి

సరైన తారు శాతం తేల్చడానికి మార్షల్ పద్ధతి సరిపోతుంది. 1200 గ్రాముల మిక్స్, 101.6 ఎంఎం అచ్చు, ఒక్కో వైపు 75 దెబ్బలు, మూడేసి నమూనాలు, అర శాతం తేడాతో ఐదు తారు శాతాలు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల ఐదో సవరణలో వేడి ప్రాంతాల మోడిఫైడ్ తారుకి స్టెబిలిటీ (నమూనా విరిగే ముందు మోసే గరిష్ఠ బరువు) కనీసం 12 కిలోన్యూటన్లు, ఫ్లో (అప్పటికి నమూనా నొక్కుకుపోయిన కొలత) 2.5 నుంచి 4 ఎంఎం, గాలి ఖాళీలు 3 నుంచి 5 శాతం అడుగుతారు.

రబ్బరు మిక్స్‌కి ఇక్కడ ఒక కిటుకు ఉంది, దీన్ని మాత్రం మరిచిపోవద్దు. వేడి మీద ఉండగానే నమూనాని అచ్చులోంచి తోసేస్తే రబ్బరు గింజలు ఊపిరి పీల్చుకున్నట్టు మళ్లీ ఉబ్బుతాయి. మొదట్లో నాకు ఈ సంగతి తెలియక సాయంత్రం తీసిన నమూనాల ఎత్తు వెర్నియర్‌తో కొలిచి 63.5 అని రాసుకుని, పొద్దున్నే సాంద్రత తీయబోతే ఖాళీలు ఒక శాతం పైగా ఎక్కువ వచ్చాయి. వెర్నియర్ మళ్లీ పెట్టి చూస్తే ఎత్తు 64.3. పైన అరచేత్తో నిమిరితే సన్నటి నల్ల గింజలు గరుకుగా తగిలాయి, ముందురోజు ఆ ముఖం నున్నగా ఉండేది. అప్పట్నుంచి అచ్చులోనే, పైన బరువు పెట్టి, చేత్తో పట్టుకుంటే వెచ్చదనం తగలనంత దాకా చల్లారనిచ్చి అప్పుడే తీస్తాను. జైరేటరీ కాంపాక్టర్ (మిక్స్‌ని తిప్పుతూ నొక్కే యంత్రం) వాడేవాళ్లు కూడా తిప్పడం అయ్యాక ఒత్తిడి తీసేయకుండా కాసేపు అలాగే ఉంచాలి. రోలర్ వెళ్లిపోయాక రోడ్డు మీద కూడా ఇదే ఉబ్బు జరుగుతుంది, దాని సంగతి కింద చెబుతాను.

గాలి ఖాళీల లెక్క చిన్నదే. లూజ్ మిక్స్ గరిష్ఠ సాపేక్ష సాంద్రత 2.480, గట్టిపరిచిన నమూనాది 2.380 అయితే తేడాని 2.480తో భాగిస్తే 4 శాతం. అయితే లూజ్ మిక్స్‌ని తయారైన వెంటనే కాకుండా ఓవెన్‌లో కాస్త కాలం ఉంచాకే గరిష్ఠ సాంద్రత తీయండి, రబ్బరు ఇంకా తారు పీలుస్తూ ఉంటుంది.

స్టెబిలిటీని ఎందుకు నమ్మొద్దంటున్నానంటే, మార్షల్ యంత్రం నమూనాని 60 డిగ్రీల నీళ్లలో అరగంట పైన ఉంచి, నిమిషానికి రెండంగుళాల వేగంతో ఒక్కసారి నొక్కి విరిచేస్తుంది. గాడి పడేది ఒక్కసారి విరిగితే కాదు, చిన్న బరువు లక్షల సార్లు పడితే. నేను దగ్గరుండి చూసిన ఒక రోడ్డుకి స్టెబిలిటీ 15 దాటింది, అందరం సంతోషపడ్డాం, మొదటి ఎండాకాలానికే చెక్ పోస్టు ముందు వేళ్లు మూడు పట్టేంత గాడి పడింది. డిజైన్ ఫైలు తిరగేస్తే వీల్ ట్రాకింగ్ కాగితమే లేదు.

వీల్ ట్రాకింగ్: అసలు పరీక్ష

చిన్న చక్రం, కింద తారు పలక, చుట్టూ రోడ్డు ఎండంత వేడి, గంటల తరబడి ముందుకీ వెనక్కీ. మన కళ్ల ముందే రోడ్డు కుంగినట్టు ఉంటుంది. పరికరం అన్ని ల్యాబుల్లో ఉండదు, పెద్ద ఇంజనీరింగ్ కాలేజీల ట్రాన్స్‌పోర్టేషన్ విభాగాల్లో అడిగి చూడండి, నమూనాలు తీసుకెళ్లి చేయించుకోవచ్చు.

పలక తయారీతో మొదలుపెట్టండి. 300 ఎంఎం చదరం, 50 ఎంఎం మందం అంటే 4500 ఘన సెంటీమీటర్లు. కొత్తగా వేసిన రోడ్డులాగా 7 శాతం ఖాళీలు కావాలి కాబట్టి 2.480ని 0.93తో గుణిస్తే 2.306, దాన్ని 4500తో గుణిస్తే 10.38 కిలోలు. సరిగ్గా ఇంత మిక్స్ తూచి అచ్చులో పోసి, కచ్చితంగా 50 ఎంఎం మందానికి నొక్కితే ఖాళీలు 7 దగ్గరకి వస్తాయి. వచ్చాయో లేదో తూకం వేసి చూసుకోండి, 5 శాతం ఖాళీల పలకని 8 శాతం పలకతో పోల్చి రబ్బరు గొప్పదనం చెప్పడం తప్పు. మిక్స్‌ని నొక్కే ముందు 135 డిగ్రీల ఓవెన్‌లో నాలుగు గంటలు పళ్లెంలో పలచగా పరిచి, గంటకోసారి కలుపుతూ ఉంచండి, ప్లాంటు నుంచి సైటుకి వెళ్లే దారిలో తారు ముదిరినట్టు ఇక్కడా ముదురుతుంది. వీజీ తారు మిక్స్‌కీ, రబ్బరు మిక్స్‌కీ ఒకే కంకర, ఒకే ఖాళీలు, ఒకే ముదురు. ఒక్కో మిక్స్‌కి కనీసం రెండు పలకలు, రెండూ బాగా తేడాగా వస్తే మూడోది.

యూరప్ పద్ధతి, ఈఎన్ 12697-22 చిన్న పరికరం, రబ్బరు తొడుగు చక్రంతో 700 న్యూటన్ల బరువు మోపుతుంది. 60 డిగ్రీల గాలిలో పలకని కనీసం నాలుగు గంటలు ఉంచాక మొదలుపెట్టండి. నిమిషానికి 26.5 సైకిళ్ల చొప్పున 10,000 సైకిళ్లకి ఆరుంపావు గంటలు పడుతుంది, పొద్దున్నే పెడితే సాయంత్రానికి అవుతుంది. మన ప్రాంతాల్లో 60 డిగ్రీలే పెట్టండి. నల్ల తారు ఉపరితలం మే నెల మధ్యాహ్నం అంతకన్నా వేడెక్కుతుంది, 50 డిగ్రీల దగ్గర బాగున్న మిక్స్ 60 దగ్గర చేతులెత్తేయడం మామూలే.

ఫలితం చదవడం నేర్చుకోండి. మొదటి వెయ్యి సైకిళ్లలో లోతు గబగబా పెరుగుతుంది, అది ఖాళీలు పూడుతున్న గుర్తు, దాన్ని చూసి కంగారుపడొద్దు. అసలు చూడాల్సింది తర్వాతి వాలు. 5000 దగ్గర 2.9 ఎంఎం, 10,000 దగ్గర 3.3 ఎంఎం ఉంటే తేడా 0.4, దాన్ని 5తో భాగిస్తే వెయ్యి సైకిళ్లకి 0.08 ఎంఎం. మొత్తం లోతుని మందంతో భాగిస్తే 6.6 శాతం. రెండు మిక్స్‌ల చివరి లోతు ఒకటే అయినా ఒకదాని వాలు 0.04, ఇంకోదాని వాలు 0.15 ఉండొచ్చు, ఆ రెండోది రోడ్డు మీద ఆగకుండా దిగుతూనే ఉంటుంది. రిపోర్టులో చివరి లోతు ఒక్కటే రాసి వాలు రాయని కాగితాన్ని నేను ఒప్పుకోను.

హాంబర్గ్ పద్ధతి ఇంకా కఠినం. ఉక్కు చక్రం, 705 న్యూటన్లు, సాధారణంగా 50 డిగ్రీల నీళ్లలో, నిమిషానికి 52 సార్లు, 20,000 సార్ల దాకా. అమెరికాలోని టెక్సాస్‌లో తారు గ్రేడుని బట్టి పరిమితి పెట్టారు, 12.5 ఎంఎం లోతు రాకముందే పీజీ 64 (పీజీ అంటే తారు తట్టుకునే ఉష్ణోగ్రతని బట్టి పెట్టే గ్రేడు) తారు మిక్స్ 10,000 సార్లు, పీజీ 70 అయితే 15,000, పీజీ 76 అయితే 20,000 తట్టుకోవాలి. గ్రానైట్ కంకరకి ఈ నీళ్ల పరీక్ష చేయించమని నా సలహా. గ్రాఫులో సాఫీగా సాగే గీత ఒకచోట హఠాత్తుగా కిందకి విరిగితే అక్కడ తారు రాయిని వదిలేసిందని అర్థం. తొట్టిలో నీళ్లు బూడిద రంగులోకి తిరిగి, తెల్లటి రాళ్లు బయటపడతాయి, అప్పుడు గాడికి కారణం రబ్బరు కాదు, అంటుకోకపోవడం. దానికి మందు సున్నమో, యాంటీ స్ట్రిప్పింగ్ ఏజెంటో.

తారు ఒక్కదాన్నే పరీక్షించాలంటే

సాఫ్టెనింగ్ పాయింటు, ఎలాస్టిక్ రికవరీ (సాగదీశాక తారు ఎంత వెనక్కి వస్తుందన్నది) త్వరగా అయిపోతాయి, సరుకు సరైనదో కాదో చెబుతాయి. గాడి గురించి సరిగ్గా చెప్పేది ఎంఎస్‌సీఆర్, అంటే మల్టిపుల్ స్ట్రెస్ క్రీప్ రికవరీ పరీక్ష. డైనమిక్ షియర్ రియోమీటర్ మీద ఒక సెకను తిప్పి తొమ్మిది సెకన్లు వదిలేస్తారు, ముందు 0.1 కిలోపాస్కల్, తర్వాత 3.2 కిలోపాస్కల్ దగ్గర. వదిలాక వెనక్కి రాకుండా మిగిలిపోయిన సాగుని పెట్టిన ఒత్తిడితో భాగిస్తే వచ్చేదే జేఎన్‌ఆర్, అది ఎంత తక్కువైతే అంత మంచిది. 3.2 దగ్గర 4.5 లోపు మామూలు ట్రాఫిక్‌కి, 2 లోపు ఎక్కువ ట్రాఫిక్‌కి, 1 లోపు చాలా ఎక్కువకి, 0.5 లోపు లారీలు ఆగి ఆగి నడిచే చోట్లకి.

రబ్బరు తారుకి ఇక్కడ ఒక చిక్కు ఉంది. రియోమీటర్‌లో తారు నమూనాని పట్టుకునే రెండు లోహపు పలకల మధ్య మామూలుగా ఉంచే సందు 1 ఎంఎం. ఉబ్బిన గింజ దాదాపు ఆ సందంతా ఆక్రమించి రెండు పలకల్నీ తాకితే, యంత్రం తారుని కాకుండా గింజని కొలుస్తుంది, అంకె అద్భుతంగా వస్తుంది, అంతా అబద్ధం. సందు పెద్ద గింజకి కనీసం నాలుగు రెట్లు ఉండాలి, సన్నటి పొడి వాడి 2 ఎంఎం సందు పెట్టండి. ముదిర్చే ఓవెన్‌లో గాజు సీసాల్లో రబ్బరు తారు సమంగా పరుచుకోకుండా బయటికి పాకడం కూడా చూస్తారు, అలాంటి నమూనా తీసి పారేయండి.

ఫ్లో నంబర్ పరీక్ష చేసే యంత్రం దొరికితే అదీ చేయండి, స్తూపం మీద 0.1 సెకను బరువు, 0.9 సెకను విరామం. కుంగే వేగం తగ్గి తగ్గి మళ్లీ పెరగడం మొదలైన సైకిలే ఫ్లో నంబరు. రబ్బరు మిక్స్‌కి ఆ మలుపు స్పష్టంగా కనబడదు, గ్రాఫు బాగా మెలికలు తిరుగుతుంది, కళ్లతో గుర్తించకుండా వక్రాన్ని లెక్కగట్టి తీయాలి.

ల్యాబ్ నుంచి రోడ్డుకి

ల్యాబ్‌లో వచ్చిన వాలు రోడ్డు మీద రావాలంటే ఉష్ణోగ్రతల దగ్గర రాజీ పడకూడదు. సీఆర్‌ఎంబీ తారు ప్లాంటులో 165 నుంచి 185 డిగ్రీల మధ్య ఉండాలి, ట్యాంకులో అజిటేటర్ తిరుగుతూనే ఉండాలి. టిప్పర్‌కి టార్పాలిన్ కట్టించండి, పేవర్ ముందు వరసగా టిప్పర్లు ఎండలో ఆగితే పైభాగం చల్లబడి గట్టి తొక్క కడుతుంది, ఆ తొక్క ముక్కలు పడ్డ చోటే రేపు గుంట. రోలింగ్ 115 డిగ్రీలకి దిగకముందే మొదలై, వేడి ఉండగానే ముగియాలి. రబ్బరు మిక్స్ చల్లారితే వీజీ మిక్స్ కన్నా త్వరగా మొండికేస్తుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు రోలర్ తిప్పినా వెనక్కి తోస్తుందే తప్ప దిగదు. టైర్ల రోలర్‌కి మిక్స్ అంటుకుని లేచిపోతుంటుంది కాబట్టి ఉక్కు డ్రమ్ము రోలర్లే వాడండి.

సాంద్రత గరిష్ఠ విలువలో 93 శాతం తగ్గకుండా చూడండి. తగ్గితే మిగిలిన ఖాళీని లారీలు పూడుస్తాయి, ఇందాక చెప్పిన మొదటి రకం గాడి అదే. ముందు చెప్పిన ఉబ్బు గుర్తుందా? వేడి మీద ట్రాఫిక్ వదిలితే ఉబ్బుతున్న గింజల్ని చక్రాలు పక్కకి తోస్తాయి. ఉపరితలం 60 డిగ్రీల లోపుకి దిగేదాకా ఎవరెంత తొందర పెట్టినా బారికేడ్ తీయకండి. ఎండాకాలంలో రాత్రిపూట వేస్తే పొద్దున్నకి బాగా చల్లారుతుంది.

వేసిన రోజే చక్రం దారుల్లో యాభై మీటర్లకొకటి చొప్పున పెయింటుతో గుర్తులు పెట్టి, స్ట్రెయిట్ ఎడ్జ్ కింద లోతులు సున్నా రోజు అంకెలుగా నోట్‌బుక్కులో రాయండి. మొదటి వేసవి మధ్యలో ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి అవే గుర్తుల దగ్గర మళ్లీ కొలవండి. ఒక గుర్తు దగ్గర 3 ఎంఎం దిగి ఆగిందా, ఇంకో గుర్తు దగ్గర 3 నుంచి 6కి వెళ్లిందా చూడండి. రెండోది కనబడితే ఆ రోజు ఏ టిప్పరు ఎన్నింటికి ఎంత వేడిలో దిగిందో మీ సైట్ రిజిస్టర్‌లో వెతకండి, ఆ పేజీ పక్కన మీ వీల్ ట్రాకింగ్ గ్రాఫు పెట్టుకుని కూర్చోండి.